పుంటా కానా డీల్ బుక్ చేసే ముందు: మొదటిసారి కరీబియన్ బీచ్‌కి వెళ్ళే కుటుంబానికి

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. నేను హెచ్-1బి, మా ఆవిడ హెచ్-4. ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయింది కానీ పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు దాటిపోయింది. బాబుకి ఆరేళ్ళు, ఇక్కడే పుట్టాడు. అమ్మానాన్న గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు, జనవరి దాకా ఉంటారు, ఇద్దరూ శాకాహారులు. ఎవరికీ ఈత రాదు. ఆగస్టు ఆఖరి వారంలో డొమినికన్ రిపబ్లిక్ దేశంలోని పుంటా కానాలో ఆల్ ఇన్‌క్లూజివ్ (గది, తిండి, తాగుడు అన్నీ ఒకే రేటులో) రిసార్ట్ చాలా చవకగా కనిపిస్తోంది. కరీబియన్ మాకు ఇదే మొదటిసారి. ఏమేం చూసుకోవాలి?

సమాధానం:

ఆ డీల్ ఇప్పుడు బుక్ చేయకండి. రిసార్ట్ బాగోదని కాదు. వెళ్ళాక మీరిద్దరూ తిరిగి న్యూజెర్సీ రావడానికి మీ పాస్‌పోర్ట్‌లో ఉన్న స్టాంప్ పనికిరాదు. పైగా ఆ వారంలో అది అంత చవకగా దొరకడానికి వేరే కారణం ఉంది, అది కూడా చెప్తాను.

చాలామంది ఫోటో చూసి దీవిని ఎంచుకుంటారు. వీసా, వాతావరణం, తిండి గురించి ఆ తర్వాత ఆలోచిస్తారు. మన పాస్‌పోర్ట్‌తో, పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ వరుసని తిరగేయాలి. ముందు కాగితాలు, తర్వాత ఏ నెల, ఆ తర్వాత దీవిలో ఏ వైపు తీరం. ఈ మూడూ తేలితే దీవి పేరు దానంతట అదే బయటికొస్తుంది. ఫోటోల్లో ఎలాగూ అన్ని దీవులూ ఒకేలా ఉంటాయి.

స్టాంప్ సంగతి

మీ దగ్గరున్న ఐ-797 అప్రూవల్ నోటీసు ఇక్కడ ఉండి పనిచేసుకోవడానికి. దేశం దాటి మళ్ళీ లోపలికి రావాలంటే గడువున్న వీసా స్టాంప్ కావాలి. దీనికి మినహాయింపుగా ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ అని ఒకటుంది. ఎవరో ఒకరు మీకు దాని గురించి చెప్పే ఉంటారు. ఆ నియమం నిజమే. గడువు దాటిన స్టాంప్‌తోనే, చెల్లుబాటులో ఉన్న ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చూపించి, 30 రోజుల్లోపు తిరిగి రావచ్చు. కానీ హెచ్-1బి, హెచ్-4 వాళ్ళకి అది కెనడా, మెక్సికోల వరకే. చుట్టుపక్కల దీవులు కూడా అందులోకి వచ్చేది ఎఫ్, జె వీసాల (విద్యార్థులు, ఎక్స్‌చేంజ్ మీద వచ్చినవాళ్ళు) వాళ్ళకి, అదీ క్యూబా తప్ప. ఎమ్మెస్ చదివే కుర్రాడెవరో జమైకా వెళ్ళి హాయిగా తిరిగొచ్చాడని విని మీరూ బయల్దేరితే అక్కడే ఇరుక్కుపోతారు.

పోనీ మెక్సికోయే కదా, కాన్‌కూన్ వెళ్దాం అనుకుంటారేమో. అక్కడ ఇంకో మెలిక ఉంది. తిరిగి రావడానికి అమెరికా నియమం ఒప్పుకున్నా, అసలు లోపలికి వెళ్ళడానికి మెక్సికో ఒప్పుకోవాలి. భారత పాస్‌పోర్ట్ వాళ్ళని మెక్సికో తన వీసా లేకుండా రానిచ్చేది చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా లాంటిదో, గ్రీన్ కార్డు లాంటిదో చూపిస్తేనే. మీ ఇద్దరికీ అది లేదు. విడిగా మెక్సికో వీసా తీసుకోవచ్చు గానీ ఒక బీచ్ ట్రిప్ కోసం అంత తలనొప్పి అక్కర్లేదని నా అభిప్రాయం. క్రూజ్ అయితే ఓడలోనే ఉంటాం కదా అని కొందరంటారు. ఆ ఓడ బహామాస్ వెళ్ళిందంటే మీరూ దేశం దాటినట్టే లెక్క.

అందుకే మీకు మిగిలేవి అమెరికా సొంత దీవులు: ప్యూర్టో రికో, యు.ఎస్. వర్జిన్ ఐలాండ్స్. వీటిలో మీకు ప్యూర్టో రికో అని నేను గట్టిగా చెప్తాను. నెవార్క్ నుంచి శాన్ హువాన్‌కి నాన్‌స్టాప్ విమానాలున్నాయి, సుమారు నాలుగు గంటల ప్రయాణం. అది దేశీయ ప్రయాణం కాబట్టి ఇమిగ్రేషన్ క్యూ ఉండదు. అమ్మానాన్నల ఐ-94 కూడా కదలదు. అయినా నలుగురి పాస్‌పోర్టులు, మీ ఐ-797లు, అందరి ఐ-94 ప్రింట్లు చేతిసంచీలో పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో ఎవరైనా అడిగితే చూపించడానికి ఉండాలి. బాబు అమెరికా పౌరుడే అయినా వాడి పాస్‌పోర్ట్ కూడా దగ్గర ఉంచుకోవడం మంచిది. టికెట్ కొనేటప్పుడు పనామా మీదుగానో శాంటో డొమింగో మీదుగానో వెళ్ళే చవక కనెక్షన్ కనిపిస్తుంది. అవి వేరే దేశాలు, దాని జోలికి పోవద్దు.

వర్జిన్ ఐలాండ్స్‌లో సముద్రం ఇంకా అందంగా, ఇంకా ప్రశాంతంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. సెయింట్ జాన్ దీవిలో సగానికి పైగా నేషనల్ పార్కే. కానీ అది అమెరికా కస్టమ్స్ పరిధికి బయట ఉంటుంది. అందుకని తిరిగి వచ్చేటప్పుడు అక్కడి ఎయిర్‌పోర్ట్‌లోనే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ళు కాగితాలు చూస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే భయం లేదు, కాకపోతే పెద్దవాళ్ళతో ఆ టెన్షన్ ఎందుకు అని. రోడ్లు కొండదారులు, స్టీరింగ్ ఇక్కడిలాగే ఎడమ పక్కనే ఉంటుంది, బండి మాత్రం రోడ్డుకి ఎడమవైపు నడపాలి. ఇవన్నీ ఒక ఎత్తు. అక్కడ బోటు టూర్లు అమ్మేవాళ్ళు "ద బాత్స్ చూపిస్తాం, యోస్ట్ వాన్ డైక్ తీసుకెళ్తాం" అంటారు. అవి బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్, అంటే వేరే దేశం. గంటసేపు బోటులో కూర్చుని, చేతిలో కొబ్బరినీళ్ళు తాగుతూ, తెలియకుండానే దేశం దాటేస్తారు. స్టాంప్ లేనివాళ్ళు ఎవరు వెళ్ళినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి.

ఆగస్టు ఎందుకు చవక

అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. అందులో ఉద్ధృతమైన కాలం ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు. మీ డీల్ సరిగ్గా అందులో పడుతోంది. అలాగని ఆ వారంలో వెళ్ళిన ప్రతివాళ్ళూ తుఫానులో చిక్కుకుంటారని కాదు, చాలామంది ఎండలో తిరిగి హాయిగా వచ్చేస్తారు. కానీ తుఫాను వచ్చిందంటే మామూలుగా రాదు. 2017 సెప్టెంబర్ 20న వచ్చిన మరియా నుంచి ప్యూర్టో రికో కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. 2025 అక్టోబర్ 28న మెలిస్సా జమైకాని కేటగిరీ 5 బలంతో తాకింది. సీజన్ మొదట్లో వెళ్తే ఫర్వాలేదు అనుకోవడానికీ లేదు. 2024లో బెరిల్ జూలై 1కే గ్రెనడా దేశంలోని కారియాకూ దీవిని చదును చేసింది.

ఇంకో సంగతి నాచు. సర్గాసమ్ అనే గోధుమరంగు సముద్రపు నాచు 2011 నుంచి దాదాపు ప్రతి వేసవిలో గుట్టలు గుట్టలుగా ఒడ్డుకి కొట్టుకొస్తోంది. సుమారు మార్చి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా దాని కాలం. ఎండలో కుళ్ళితే కోడిగుడ్డు కుళ్ళిన కంపు కొడుతుంది. నీలిరంగు నీళ్ళ ఫోటో చూసి వెళ్ళినవాళ్ళకి మోకాలిలోతు నాచు ఎదురైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పుంటా కానా, కాన్‌కూన్, టులూమ్ తీరాలు తూర్పు ముఖంగా ఉంటాయి కాబట్టి వాటికి ఈ బెడద ఎక్కువ. రిసార్టుల వాళ్ళు పొద్దున్నే ట్రాక్టర్లతో ఎత్తిపోస్తారు, మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చేస్తుంది.

మీరు థాంక్స్‌గివింగ్ వారం చూడండి. హరికేన్ సీజన్ చివరికొచ్చేసి ఉంటుంది, నాచు బాగా తగ్గి ఉంటుంది, డిసెంబర్ మధ్యలో మొదలయ్యే అసలు సీజన్ రేట్లు ఇంకా పడవు. బాబుకి స్కూల్లో సోమ, మంగళ, బుధ సెలవు పెట్టించాల్సి వస్తుంది. ఆరేళ్ళవాడికి అంత నష్టమేమీ లేదు. ప్యూర్టో రికోలో నవంబర్‌లో జల్లులు పడతాయి, కానీ ఎక్కువగా వచ్చి పోయే వానలే, రోజంతా ముసురు పట్టడం తక్కువ. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ వరకు మాత్రం వద్దు. రేట్లు ఆకాశంలో ఉంటాయి.

ఒకే దీవి, రెండు రకాల సముద్రం

ఈ ప్రాంతంలో గాలి ఏడాది పొడుగునా తూర్పు నుంచి వీస్తుంది. అందుకని చాలా దీవుల్లో తూర్పు తీరంలో అలలు ఎక్కువ, పడమటి తీరం చెరువులా ఉంటుంది. బార్బడోస్‌లో తూర్పున బాత్‌షీబా దగ్గర నిలబడి, అరగంట కారులో వెళ్ళి పడమటి తీరంలో నిలబడితే ఒకే దీవి అని నమ్మలేం. చలికాలంలో దీనికి తోడు ఉత్తర అట్లాంటిక్ నుంచి పెద్ద అలలు దిగుతాయి. అప్పుడు ఉత్తరం వైపు బీచ్‌లు ఈత రానివాళ్ళకి పనికిరావు.

మీ ట్రిప్‌కి ఇది ఎందుకంటే, శాన్ హువాన్ నగరం ఉత్తర తీరంలో ఉంది. కొండాడో అనే పేటలో హోటళ్ళు చాలా అందంగా ఉంటాయి, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, కానీ దాని ముందున్న నీళ్ళు ప్రమాదకరం. రిప్ కరెంట్లు, అంటే ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు, బలంగా ఉంటాయి. పాత నగరానికి దగ్గర్లో ఎస్కంబ్రోన్ బీచ్ నయం, బండరాళ్ళు అలల్ని అడ్డుకుంటాయి. మీలాంటి కుటుంబానికి నేను సిఫార్సు చేసేది తూర్పు వైపున్న లుకీయో. నగరం నుంచి కారులో గంట లోపే. అర్ధచంద్రాకారంలో కొబ్బరి చెట్లు, అలల్ని ఆపే దిబ్బ, తక్కువ లోతు. రెండు మూడు రాత్రులు పాత శాన్ హువాన్ దగ్గర, మిగిలినవి లుకీయో, ఫహార్దో వైపు ఉండేలా చూసుకోండి.

హోటల్ కంటే వంటగది ఉన్న కాండో, అంటే అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్, తీసుకోండి. బుక్ చేసే ముందు ఆ ఓనర్‌ని రెండు అడగాలి: జనరేటర్ ఉందా, నీళ్ళ ట్యాంకు ఉందా. ప్యూర్టో రికోలో కరెంటు నమ్మకం లేదు. 2024 డిసెంబర్ 31న, మళ్ళీ 2025 ఏప్రిల్ 16న దాదాపు దీవి మొత్తం చీకటైపోయింది. మూడో అంతస్తులో ఉంటే లిఫ్ట్ సంగతి కూడా అడగండి, నాన్నగారి మోకాళ్ళు మీకు తెలుసు.

పెద్దవాళ్ళతో చూడదగ్గవి. ఎల్ మోరో కోట, దాని ముందున్న పెద్ద పచ్చికలో బాబుకి గాలిపటం ఎగరేయడం. ఎల్ యుంకే వాన అడవి, అమెరికా జాతీయ అడవుల్లో ఉష్ణమండల వాన అడవి అదొక్కటే. అందులో లా కోకా జలపాతం రోడ్డు పక్కనే ఉంటుంది, కారు దిగితే చాలు, అమ్మగారు నడవక్కర్లేదు. రాత్రిపూట నీళ్ళు మెరిసే సరస్సు ఫహార్దోలో ఉంది, లగూనా గ్రాండే. నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు కదిలిస్తే నీలంగా వెలుగుతాయి. చాలా కంపెనీలు కయాక్‌లో తీసుకెళ్తాయి, మడచెట్ల మధ్య చీకట్లో తెడ్డు వేయాలి, అది పెద్దవాళ్ళ పని కాదు. ఎలక్ట్రిక్ బోటు టూర్ అడగండి. పౌర్ణమి దగ్గర్లో మాత్రం వెళ్ళొద్దు, వెన్నెల్లో ఏమీ కనిపించదు. అమావాస్యకి అటూ ఇటూ అయితే బాగా కనిపిస్తుంది. తేదీ అమ్మగారి క్యాలెండర్‌లో చూసుకోండి, మీ ఫోన్ కంటే త్వరగా తేలుతుంది. వియెకెస్ దీవిలో ఉన్న మస్కీటో బే ఇంకా కాంతివంతమైనదే, కానీ సేయిబా నుంచి ఫెర్రీ ఎక్కాలి, టికెట్లు త్వరగా అయిపోతాయి, అద్దె కారుని ఫెర్రీ ఎక్కించడానికి రెంటల్ కంపెనీలు ఒప్పుకోవు. మొదటిసారికి వదిలేయండి.

సముద్రంలో దిగే విషయం

ఇది కొంచెం వివరంగా చెప్తాను. మనవాళ్ళు విశాఖ ఆర్కే బీచ్‌లోనో సూర్యలంకలోనో ఒడ్డున నిలబడి కాళ్ళు తడుపుకుని పెరిగినవాళ్ళు. అక్కడ అల చూస్తేనే భయమేస్తుంది కాబట్టి జాగ్రత్తగా ఉంటారు. కరీబియన్ నీళ్ళు అద్దంలా ఉంటాయి, వెచ్చగా ఉంటాయి, కాలి వేళ్ళు కనిపిస్తాయి. భయం పోతుంది. అక్కడే గొడవ.

నీళ్ళు పారదర్శకంగా ఉన్నచోట లోతు తెలియదు. నడుము దాకా అనుకుని వేసిన అడుగు మెడ దాకా దిగుతుంది. చాలా బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఉండరు, కాబట్టి లైఫ్‌గార్డ్ ఉన్న బీచ్‌కే వెళ్ళండి. ప్యూర్టో రికోలో బల్నియారియో అని బోర్డు ఉంటే అది ప్రభుత్వం నడిపే బీచ్ అని అర్థం. పార్కింగ్, బాత్రూమ్‌లు, చాలాచోట్ల లైఫ్‌గార్డులు ఉంటారు. ఎర్ర జెండా ఉంటే ఆ రోజు ఇసుకలో ఆడుకోవడమే.

బాబుకి చేతులకి కట్టే గాలి బుడగలు కొనకండి, అవి బొమ్మలు. యు.ఎస్. కోస్ట్ గార్డ్ ఆమోదం ముద్ర ఉన్న లైఫ్ జాకెట్ వాడి బరువుకి సరిపోయేది ఇక్కడే కొని పెట్టెలో పెట్టుకెళ్ళండి. మీకూ ఒకటి. లైఫ్ జాకెట్ వేసుకోవడానికి మగవాళ్ళు మొహమాటపడతారు, అక్కర్లేదు. జాకెట్ ఉన్నా ఒక మనిషి ఫోన్ జేబులో పెట్టేసి పిల్లవాడిని చూస్తూనే ఉండాలి. "అందరం ఉన్నాం కదా" అన్నప్పుడే ఎవరూ చూడరు.

ఒకవేళ నీళ్ళు లోపలికి లాగుతున్నాయనిపిస్తే ఒడ్డు వైపు తిరిగి కొట్టుకోవద్దు, ఓపిక అయిపోతుంది. రిప్ కరెంట్ మనిషిని కిందకి లాగదు, లోపలికి తీసుకెళ్తుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి అరవాలి. ఈత వచ్చినవాళ్ళయితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి. ఇంకొకళ్ళు కొట్టుకుపోతుంటే ఈత రానివాళ్ళు వెనకే దూకకూడదు. తేలే వస్తువు ఏదైనా విసిరి, లైఫ్‌గార్డ్‌ని పిలిచి, 911కి ఫోన్ చేయాలి. ప్యూర్టో రికోలో అదే నంబరు.

అమ్మగారు చీరతోనో చుడీదార్‌తోనో దిగుతానంటారు. కాటన్ తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది. పూర్తి చేతులు, పూర్తి కాళ్ళు ఉండే స్విమ్ డ్రెస్సులు దొరుకుతాయి, ఒకటి ముందే కొని ఇంట్లో వేసుకుని చూడమనండి. ఎండ నుంచి కాపాడుతుంది కూడా. మన రంగుకి ఎండ ఏం చేయదు అనే మాట నమ్మకండి. గాలి చల్లగా తగులుతుంది కాబట్టి కాలుతున్నట్టు తెలియదు, రాత్రికి భుజాలు మండుతాయి. సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనండి. పగడాలకి హాని చేస్తాయని ఆక్సీబెంజోన్ లాంటివి ఉన్న వాటిని వర్జిన్ ఐలాండ్స్‌లో, అరూబాలో నిషేధించారు. ఎక్కడికెళ్ళినా పనికొచ్చేది కొనుక్కుంటే సరిపోతుంది. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా నీడలోనే ఉండండి, మన ఊళ్ళో ఎండాకాలంలో చేసేది అదే కదా.

ఒడ్డున చిన్న పచ్చ ఆపిల్ కాయల్లాంటివి రాలి ఉంటే బాబుని ముట్టుకోనివ్వద్దు. మాంచినీల్ అనే చెట్టు. కాయ విషం, పాలు చర్మం మీద పడితే బొబ్బలెక్కుతాయి, వానలో దాని కింద నిలబడినా అంతే. కొన్నిచోట్ల మాను చుట్టూ ఎర్ర రంగు వేసి ఉంచుతారు, అన్నిచోట్లా వేయరు.

తిండి

శాకాహారులతో వెళ్తే ఆల్ ఇన్‌క్లూజివ్ పెద్ద లాభం కాదు. అందులో మీరు కట్టే డబ్బులో మంచి వాటా మందుకీ మాంసానికీ పోతుంది. మూడో రోజుకి పాస్తా, సలాడ్, ఫ్రెంచ్ ఫ్రైస్ మీద అందరికీ విసుగొస్తుంది. కాండో, వంటగది అని చెప్పింది అందుకే. ప్యూర్టో రికోలో కాస్ట్‌కో, వాల్‌మార్ట్ రెండూ ఉన్నాయి. బియ్యం, పెరుగు, కూరలు అక్కడే దొరుకుతాయి. చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, పచ్చళ్ళు మీరు తీసుకెళ్ళండి. ప్లగ్గు, వోల్టేజీ ఇక్కడివే. పచ్చడి సీసా చెక్-ఇన్ బ్యాగులో పెట్టాలి, చేతిసంచీలో పెడితే సెక్యూరిటీ దగ్గర చెత్తబుట్టలోకి పోతుంది.

బయట తినాలంటే స్పానిష్ మాటలు నాలుగు కావాలి. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని అర్థం, కానీ అది సరిపోదు. చాలామందికి కార్నే అంటే ఎర్ర మాంసమే గుర్తొస్తుంది, చికెన్ వేసి తెచ్చిపెడతారు. "సిన్ పోయో, సిన్ హమోన్, సిన్ పెస్కాదో" అని చికెన్, హామ్, చేప విడివిడిగా చెప్పాలి. అక్కడి పేరున్న అన్నం అర్రోస్ కోన్ గందూలెస్, ఆ గందూలెస్ మన కందులే, పచ్చివి. అమ్మగారు చూడగానే గుర్తుపడతారు, కానీ అందులో ఎక్కువగా పంది మాంసం వేసి వండుతారు, అడగకుండా తినొద్దు. బీన్స్ కూరలోనూ అంతే. మొఫోంగో అనే అరటికాయ ముద్దలో కూడా పంది తోలు వేపుడు కలుపుతారు. నిశ్చింతగా తినగలిగేవి తోస్తోనెస్, అంటే పచ్చి అరటికాయ చెక్కలు నొక్కి వేయించినవి, మగ్గిన అరటిపండు వేపుడు అమరీయోస్, అవకాడో, తెల్లన్నం. ఏ నూనెలో వేయించారు అన్నంత నిష్ఠ ఉంటే మాత్రం ఇంట్లో వంటే దారి. లుకీయో దగ్గర రోడ్డు పక్కన వరసగా కొట్లు ఉంటాయి, అక్కడ కొబ్బరిబోండాం తాగి, తోస్తోనెస్ తిని రావచ్చు.

తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో వ్యవసాయ శాఖ వాళ్ళు సామాను స్కాన్ చేస్తారు. చాలా రకాల పండ్లు, మొక్కలు ఆపేస్తారు. కరివేపాకు మొక్క దొరికిందని సంబరపడి సంచీలో పెట్టుకోవద్దు.

ఇన్సూరెన్స్, డబ్బు

తుఫానుకి పేరు పెట్టిన తర్వాత కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆ తుఫానుకి పనికిరాదు. కొనేది ఏదో టికెట్ కొన్నప్పుడే కొనండి. అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్ ప్యూర్టో రికోలో వర్తిస్తుందా అని కంపెనీకి మెయిల్ రాసి జవాబు దగ్గర పెట్టుకోండి. మాత్రలు రెండు వారాలవి అసలు సీసాల్లోనే, చేతిసంచీలో. దోమల మందు తప్పనిసరి, డెంగీ ఉంది. ఖర్చంతా డాలర్లలోనే, కార్డులు అన్నిచోట్లా నడుస్తాయి.

వచ్చే ఏడాది స్టాంప్ పడ్డాక

అప్పుడు దారులన్నీ తెరుచుకుంటాయి. హరికేన్ నెలల్లోనే సెలవు దొరికితే అరూబా చూడండి, అది హరికేన్ల దారికి బాగా దక్షిణాన ఉంటుంది. వానలు తక్కువ, నీళ్ళు శుభ్రం, బేబీ బీచ్‌లో లోతు తక్కువ. మల్టిపుల్ ఎంట్రీ అమెరికా వీసా ఉంటే మనకి వేరే వీసా అక్కర్లేదు. ముందు ఆన్‌లైన్‌లో ఇ.డి. కార్డు అనే ప్రవేశ ఫారం నింపాలి, దానికి 20 డాలర్ల రుసుము ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది కాబట్టి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి.

పుంటా కానా కూడా మంచిదే, శీతాకాలంలో. డొమినికన్ రిపబ్లిక్‌కి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇ-టికెట్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. అది ప్రభుత్వ సైట్‌లో ఉచితం, డబ్బులడిగే సైట్లు నకిలీవి. రిసార్ట్‌లో "ఉచిత బ్రేక్‌ఫాస్ట్, తొంభై నిమిషాల ప్రెజెంటేషన్" అని పిలిస్తే అది టైమ్‌షేర్ (ఏడాదికి కొన్ని రోజులు రిసార్ట్ వాడుకునే వాటా) అమ్మకం, సగం రోజు పోతుంది. కాన్‌కూన్ ఎయిర్‌పోర్ట్ బయట కూడా వీళ్ళే ఉంటారు. రిసార్ట్‌కి వెళ్ళే బండి ముందే బుక్ చేసుకుని, ఎవరు పిలిచినా ఆగకుండా నడిచిపోండి.

జమైకాలో శాకాహారులకి ఐటల్ అనే రాస్తఫారీ వంట ఉంది, కొబ్బరిపాలు, ఆకుకూరలు, ఉప్పు చాలా తక్కువ. అక్కడ గంజాయి వాసన బీచ్ మీద మామూలే, స్థానిక చట్టం కొంత సడలించారు. వీసా మీద ఉన్నవాళ్ళు దాని దగ్గరకి కూడా వెళ్ళకూడదు. తిరిగి వచ్చేటప్పుడు వాడానని ఒప్పుకుంటే చాలు, అమెరికా ప్రవేశం ఆగిపోవచ్చు. ఇంకోటి, జమైకా, బార్బడోస్ లాంటి చాలా దేశాల్లో మిలిటరీ మచ్చల బట్టలు చట్టరీత్యా నిషేధం, పిల్లల నిక్కరు అయినా సరే. ఎక్కడికైనా టికెట్ కొనే రోజున ఆ దేశపు ఇమిగ్రేషన్ సైట్ ఒకసారి చదవండి, వీసా నియమాలు మారుతుంటాయి. అమ్మానాన్నలు కూడా బయటి దేశానికి వస్తే, తిరిగి వచ్చినప్పుడు కొత్తగా ఆరు నెలలు ఇస్తారని లెక్క వేసుకోవద్దు, ఆఫీసర్ పాత తేదీనే ఉంచవచ్చు. దిగిన రోజే ఐ-94 డౌన్‌లోడ్ చేసి తేదీ చూసుకోండి.

చివరిగా బోటు ట్రిప్ గురించి. ఫహార్దో నుంచి ఇకాకోస్ దీవికి కాటమరాన్‌లు (జంట పడవలు) వెళ్తాయి, అందరూ వెళ్ళమంటారు. వెళ్తే పొద్దున ట్రిప్ తీసుకోండి, గాలి తక్కువ ఉంటుంది. వికారం మాత్ర ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం తక్కువ. నాన్నగారికి ప్రోస్టేట్ సమస్య గానీ గ్లాకోమా గానీ ఉంటే ఆ మాత్రలు పడకపోవచ్చు, డాక్టర్‌ని అడగకుండా ఇవ్వొద్దు. ఆయనకి శొంఠి సరిపోతుందేమో చూడండి, లేకపోతే ఆ పూట అమ్మగారితో కలిసి లుకీయోలో నీడన కూర్చోమనండి, మీరు ముగ్గురూ వెళ్ళి రండి.